చివరి ఇరవై నిమిషాలు: ఈ మధ్య ఏం చూశారు, ఎలా ముగిసింది?

గోలీసోడా | శుక్రవారం, రాత్రి 9:42

నెలకోసారి ఎవరో ఒకరు మొదలుపెట్టే చర్చే, ఈసారి వంతు నాది. ఈ మధ్య మీరు చూసిన సినిమాలు, సీరియళ్లు, వెబ్ సిరీస్‌ల గురించి రాయండి. కొత్తవే కానక్కర్లేదు. షరతు ఒకటే. "బాగుంది", "సోది" అని తేల్చేసి వెళ్లిపోవద్దు. ఏ చోట నచ్చిందో, ఏ చోట మీ చెయ్యి ఫోను వైపు వెళ్లిందో చెప్పండి.

ముందు నా సంగతి. 'కోర్ట్' రెండోసారి చూశాను, ఇంట్లో. ఒక అమ్మాయిని ప్రేమించి, ఆమె ఇంటివాళ్లు పెట్టిన తప్పుడు కేసులో ఇరుక్కున్న కుర్రాడి కథ. 2025 మార్చిలో హాల్లో చూసినప్పుడు ముగింపు నాకు దక్కలేదు. తీర్పు పూర్తికాకముందే హాలు వాళ్లు దీపాలు వేసి తలుపులు బార్లా తెరిచారు. అంతే, ముందు వరుసల వాళ్లందరికీ ఒక్కసారిగా ఇల్లు గుర్తొచ్చింది. తెర మీద పెదవులు కదులుతున్నాయి, నాకేమో ఎదురుగా ఒక గళ్ల చొక్కా వీపు, దాని పక్కన నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుంటున్న తల్లి. ఆ పిల్ల చెప్పు జారి నా ఒళ్లో పడింది. చెప్పు అందించి తలెత్తేసరికి పేర్లు పడుతున్నాయి.

ఈసారి మొత్తం విన్నాను. విన్నాక అనిపించింది, నేను పోగొట్టుకున్నది అంత పెద్దదేమీ కాదని. అమ్మాయి ఇంటి పెద్ద మంగపతిగా శివాజీ గదిలోకి అడుగుపెట్టినప్పుడల్లా ఇంట్లో ఆడవాళ్ల గొంతులు తగ్గిపోతాయి చూడండి, అది సినిమా. చివరి వాదన మాత్రం పాఠం. లాయరుగా ప్రియదర్శి బాగానే చెప్పాడు, పాఠం కూడా మంచిదే. కానీ అప్పటిదాకా నన్ను ఆ కుర్రాడి పక్కన కూర్చోబెట్టి, చివర్లో బెంచీ మీద కూర్చోబెట్టి నోట్సు రాయించినట్టు ఉంది.


మూడో ఆట | శుక్రవారం, రాత్రి 10:05

ఒప్పుకోను. రెండు గంటలు ఆ కుర్రాడి తరఫున ఒక్కరూ నోరు విప్పకపోతే, చివర్లో ఒకడు గట్టిగా మాట్లాడటం ఉపన్యాసం కాదు, ఊపిరి తీసుకోవడం. నా పక్క సీటాయన అయితే ఆ వాదన నడుస్తున్నంతసేపూ "అదీ, అలా అడుగు" అంటూనే ఉన్నాడు.

శివాజీ గురించి మాత్రం నూటికి నూరు పాళ్లు. 2024 జనవరిలో '90స్' వెబ్ సిరీస్‌లో పిల్లల ఫీజుల కోసం రూపాయి రూపాయి లెక్కపెట్టుకునే లెక్కల టీచరు. ఏడాది తిరిగేసరికి ఈ మంగపతి. రెండు చోట్లా ఇంటి పెద్దే, రెండు చోట్లా పరువు గురించే బెంగ. మొదటి పరువు చూసి నవ్వుకున్నాం, రెండో పరువు చూసి వణికాం. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చునన్నదే నన్ను ఎక్కువ భయపెట్టింది.


నల్లకోటు | శుక్రవారం, రాత్రి 10:51

వృత్తిరీత్యా నేను మాట్లాడక తప్పదు. వరంగల్లులో వకీలుగా ఆరేళ్ల అనుభవం, అందులో సగం కాలం వరండా బెంచీ మీదే గడిచింది.

సినిమా కథ 2013లో విశాఖపట్నంలో జరుగుతుంది. ఆ సంవత్సరం ఊరికే పెట్టలేదు. పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం 2012లో చేసి, ఆ ఏడాది నవంబరు 14న అమల్లోకి తెచ్చారు. అంటే కథాకాలానికి చట్టం పచ్చిగా ఉంది, పోలీసులకూ కొత్తే, లాయర్లకూ కొత్తే. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లెవరైనా ఆ చట్టం దృష్టిలో బాలలే. అమ్మాయి ఇష్టపడి వెళ్లిందా అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు. పైగా 29వ సెక్షను ఉంది. మామూలు కేసుల్లో నేరం జరిగిందని అవతలి పక్షం నిరూపించాలి. ఇందులోని ముఖ్యమైన నేరాల విషయంలో కోర్టు నేరం జరిగిందన్న అనుకోలుతోనే మొదలవుతుంది, కాదని చూపించుకోవలసింది నిందితుడు. పసిపిల్లల మీద అఘాయిత్యాలు చేసేవాళ్లు సాక్ష్యం లేదని తప్పించుకుపోకుండా పెట్టిన కట్టుదిట్టం అది. అవసరమైనదే. అదే కట్టుదిట్టం పగబట్టిన మేనమామ చేతిలోనో బాబాయి చేతిలోనో పడితే ఏమవుతుందన్నది ఈ కథ.

సినిమా కోర్టులో లేచినంత గొంతులు మా కోర్టుల్లో లేవవు. పోక్సో విచారణ అసలు బయటివాళ్లను పంపేసి, తలుపులు మూసి జరపాలి. బిళ్ల బంట్రోతు పేరు మూడుసార్లు పిలుస్తాడు, మేం లోపలికి వెళతాం, వాయిదా రాయించుకుని బయటికి వస్తాం. బయట నిందితుడైన కుర్రాడి తల్లి ఉంటుంది. చేతిలో టిఫిన్ డబ్బా. "ఏమన్నారు బాబూ" అంటుంది. "వచ్చే నెల పదిహేడు" అంటాను. ఆమె దాన్ని శుభవార్తో కాదో నా ముఖంలో వెతుక్కుంటుంది.

అందుకని గోలీసోడా గారూ, చివర ఆ పాఠం నాకు అడ్డు అనిపించలేదు. మేం చెప్పాలనుకుని చెప్పలేనివన్నీ అక్కడ ఒకాయన చెప్పేశాడు. నాకు అడ్డొచ్చింది మరొకటి. తీర్పుతో కథ అయిపోయింది. మా అనుభవంలో అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. ఆ కుర్రాడు ఏ వీధిలో అద్దె ఇల్లు వెతుక్కుంటాడు? అది ఎవరూ తీయరు.


గోలీసోడా | శుక్రవారం, రాత్రి 11:10

టిఫిన్ డబ్బా సంగతి చదివాక నా విమర్శ కొంచెం చిన్నబోయింది. వెనక్కి మాత్రం తీసుకోను.

మీ చివరి మాట పట్టుకుని అడుగుతున్నా. మీరు చూసినవాటిలో ముగింపు నిలబెట్టినవి ఏవి, ముగింపు ముంచేసినవి ఏవి?


వెనుక బెంచి | శనివారం, ఉదయం 7:20

పదో తరగతి లెక్కల్లో సరిగ్గా ముప్ఫై ఐదు తెచ్చుకున్న వాణ్ని. కాబట్టి '35 – చిన్న కథ కాదు' నా జీవిత చరిత్ర. మా అమ్మాయి ఆరో తరగతికి వచ్చింది కదా అని మొన్న దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను.

ముగింపు గురించి అడిగారు కదా, ఇందులో ముగింపు పేరులోనే ఉంది. పోస్టరు చూసిన ప్రతివాడికీ తెలుసు ఆ పిల్లవాడికి ఎన్ని మార్కులు కావాలో. అయినా చివరికి వచ్చేసరికి నా అరచేతులు చెమట పట్టాయి. తిరుపతిలో ఒక బస్సు కండక్టరు ఇల్లు, పది తప్పిన తల్లి, లెక్కలంటే అడ్డం తిరిగే కొడుకు. కొడుకు కోసం ఆ తల్లి మళ్లీ పుస్తకం పట్టుకుంటుంది. నివేదా థామస్ ఎక్కడా గొంతు పెంచలేదు. 2024 గద్దర్ అవార్డుల్లో ఉత్తమ నటి పురస్కారం ఆమెకే ఇచ్చారు, న్యాయం.

ఫోను వైపు చెయ్యి వెళ్లిన చోట్లు ఉన్నాయి. రెండో సగం కాస్త తగ్గించి ఉంటే నష్టం ఉండేది కాదు.

ఇప్పుడు అసలు కష్టం. సినిమాలో అరుణ్ అడుగుతాడు కదా, సున్నాకు విలువే లేనప్పుడు ఒకటి పక్కన పెడితే తొమ్మిది కంటే పెద్దది ఎలా అయిందని. మా అమ్మాయి సినిమా ఆపేసి నన్ను అడిగింది. "ముందు సినిమా చూడు" అన్నాను. అయిపోయాక మళ్లీ అడిగింది. "పడుకో" అన్నాను. లెక్కల మాస్టారూ, నా పరువు మీ చేతిలో ఉంది.


లెక్కల మాస్టారు | శనివారం, ఉదయం 8:45

ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఏటా ఒక్కరైనా ఈ ప్రశ్న అడుగుతారు. అడగని సంవత్సరం నాకే బెంగగా ఉంటుంది.

ఇంట్లో చింతగింజలు ఉన్నాయా? ఒక్కొక్కటే లెక్కపెట్టమనండి. తొమ్మిది దాకా విడిగా ఉంచాలి. పదోది రాగానే పదింటినీ గుడ్డలో మూట కట్టమనండి. ఇప్పుడు విడి గింజలు ఎన్ని ఉన్నాయి? ఏమీ లేవు. మూటలు ఎన్ని? ఒకటి. పదిలో ఉన్న ఒకటి గింజ కాదు, మూట. విడిగా ఏమీ మిగల్లేదని చెప్పడానికి రాసేది సున్నా. అది విలువ తెచ్చిపెట్టలేదు, ఒకటిని పక్క కుర్చీలోకి జరిపి తాను దాని చోటు కాపలా కాస్తోంది. మూట విప్పి మళ్లీ కట్టమనండి. చేత్తో చేస్తేనే ఎక్కుతుంది, చెబితే ఎక్కదు.

అమ్మాయికి ఇంకో మాట కూడా చెప్పండి. సున్నాతో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు నియమాలు రాశాడు. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అని కూడా రాశాడు. అది నిలవలేదు. అంతటివాడే తడబడిన చోట ఆరో తరగతి పిల్ల తడబడితే కొంపలేమీ మునగవు.

సినిమా సంగతికి వస్తే, మాస్టారు ఆ పిల్లవాణ్ని "జీరో" అని పిలిచే చోట నేను కుర్చీలో కదిలాను. మా ఆవిడ నావైపు చూసింది. ఇరవై ఏళ్ల కిందట నేనూ ఒకణ్ని అలాంటి పేరుతో పిలిచాను. అతను ఇప్పుడు మా ఊళ్లోనే మోటారు మెకానిక్కు, నా స్కూటరు అతనే బాగు చేస్తాడు, డబ్బు తీసుకోడు. ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. సినిమా అయ్యాక అతనికి ఫోను చేద్దామనుకున్నాను. ఇంకా చేయలేదు.


వెనుక బెంచి | శనివారం, ఉదయం 9:30

చింతగింజలు లేవు, శనగలతో చేశాం. మూడు మూటలు కట్టింది, నాలుగో మూట తినేసింది. లెక్క మాత్రం వచ్చింది. మీకు నమస్కారం మాస్టారూ.


వంటింటి కిటికీ | శనివారం, మధ్యాహ్నం 2:15

మీరంతా రెండున్నర గంటల ముగింపుల గురించి మాట్లాడుతున్నారు. ఐదేళ్లకు పైగా ఎదురుచూసిన వాళ్ల మాటా వినండి.

మా అత్తగారు 'కార్తీక దీపం' 2017లో మొదలైన రోజు నుంచి 2023 జనవరిలో ముగిసిన రోజు దాకా ఒక్క పూట తప్పలేదు. రాత్రి ఏడున్నరకు మా ఇంట్లో మిక్సీ వేయకూడదు, కుక్కరు కూత పెట్టకూడదు. డాక్టర్‌బాబు భార్యను అనుమానించి వదిలేస్తాడు, ఆ వంటలక్క వంటలు చేసుకుంటూ పిల్లను పెంచుకుంటుంది. "ఆయనే డాక్టరు కదా అత్తయ్యా, ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే పోయేదానికి ఇన్నేళ్లా?" అని ఒకసారి అన్నాను. "పరీక్ష చేయిస్తే నమ్మకం ఎక్కడిదే?" అన్నారు. ఆ తర్వాత నేను నోరెత్తలేదు. ఇప్పటికీ ఆలోచిస్తుంటాను ఆ మాట. ముగిసిన మర్నాడు ఏడున్నరకు టీవీ ముందు వచ్చి కూర్చుని, ఒక నిమిషం తర్వాత లేచి బియ్యం ఏరుకోవడానికి వెళ్లిపోయారు. 2024లో అదే పేరుతో కొత్త కథ మొదలుపెట్టారు కాబట్టి బతికిపోయాం.

ఈ మధ్య ఇద్దరం కలిసి 'శుభం' చూశాం. భీమిలిలో జరిగే కథ, కేబుల్ టీవీ రోజులు. టైముకు సీరియల్ మొదలవగానే ఊళ్లో ఆడవాళ్లకు దయ్యం పట్టినట్టు అవుతుంది, ఎవరైనా అడ్డొచ్చారా అంతే. మగవాళ్లు గజగజలాడే చోట్ల మా అత్తగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఆ ఆత్మలకు ఏం కావాలో తెలిసే చోట మాత్రం నవ్వలేదు. "నిజమే, మధ్యలో పోతే ఎంత బాధ" అన్నారు.

నాకు మొదటి సగం బాగుంది. మాయా మాత అనే పాత్ర వచ్చాక కథ కాస్త చెదిరింది, ముగింపును హడావిడిగా చుట్టేసినట్టు ఉంది. కానీ సీరియల్ చూసే ఆడవాళ్లను వెక్కిరించకుండా హాస్యం చేయడం అంత సులువు కాదు. దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల ఇంతకుముందు తీసిన 'సినిమా బండి'లోనూ ఇదే గుణం. ఆటో నడుపుకునే మనిషికి కెమెరా దొరికితే సినిమా తీసేద్దామంటాడు. వాళ్ల అమాయకత్వాన్ని చూసి నవ్వుతాం, వాళ్లను చూసి కాదు.


లెక్కల మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 3:02

'శుభం' అన్న పేరు ఈ చర్చకు భలే కుదిరింది. మా చిన్నప్పుడు తెర మీద ఆ రెండక్షరాలు పడితేనే సినిమా అయిపోయినట్టు. అవి పడకముందే తలుపు దగ్గరికి పరుగెత్తేవాళ్లు అప్పుడూ ఉన్నారు, గోలీసోడా గారూ. గళ్ల చొక్కాలు ఏ కాలంలోనైనా ఉంటాయి.

నేను మొన్న వందోసారో ఎన్నోసారో 'మాయాబజార్' చూశాను. మా మనవడు పక్కనుండి "తాతా, పాండవులు ఎప్పుడు వస్తారు?" అని అడిగాడు. రారు నాయనా, సినిమా మొత్తంలో పాండవులు కనిపించరు. అభిమన్యుడు, సుభద్ర, ఘటోత్కచుడు, అటు కౌరవులు, ఇటు కృష్ణుడు, అంతా పాండవుల చుట్టూనే తిరుగుతుంది, వాళ్లు మాత్రం ఉండరు. 1957లో కె.వి.రెడ్డి చేసిన ఈ పనిని మొదటి పదిసార్లు చూసినప్పుడు నేనూ గమనించలేదు. లేనివాళ్లతో కథ నడపడం, లేని సున్నాతో పది రాయడం రెండూ ఒకటే విద్య. (లెక్కల మనిషిని కదా, క్షమించండి.)


మానేరు ఒడ్డు | శనివారం, సాయంత్రం 6:40

ముగింపు అంటే నా ఓటు 'బలగం'కు. మీలో చాలామంది చూసే ఉంటారు, అయినా నేను చూసిన పద్ధతి చెప్పాలి.

2023లో ఆ సినిమాను మా వైపు ఊళ్లలో తెరలు కట్టి చూశారు. మా ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందర కట్టారు. ఇళ్ల నుంచి కుర్చీలు, మంచాలు, చాపలు తెచ్చుకుని కూర్చున్నారు. నేను హైదరాబాదు నుంచి వెళ్లాను. మా నాన్న ఒక చివర, మా బాబాయి ఇంకో చివర. వాళ్లిద్దరికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు, బావి మోటారు దగ్గర మొదలైంది. సినిమాలోనేమో ఆ ఇంటి అల్లుడూ బావమరిదీ విడిపోయింది విందులో నల్లిబొక్క దగ్గర! ఆ చోట జనమంతా నవ్వారు. మా నాన్న నవ్వలేదు.

చనిపోయిన తాతకు మూడో రోజున పెడితే పిట్ట ముట్టదు. తర్వాతా ముట్టదు. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిపోయిందని మా నమ్మకం. చావు ఇంట్లో ఆ ఆకు చుట్టూ నిలబడి, దూరంగా జరిగి, చెట్టు మీదికి చూస్తూ ఉండే ఆ నిశ్శబ్దం ఉంది చూశారా, నేను మా తాత అప్పుడు అనుభవించాను. వేణు యెల్దండి దాన్ని ఎక్కడా పెంచలేదు, తగ్గించలేదు. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడతారు. వాళ్లు నటులు కారు, బుడగజంగాల కళాకారులు, చావు ఇళ్ల ముందు అలా పాడటమే వాళ్ల బతుకు. ఆ పాట మొదలయ్యాక మా ఊరి జనంలో ఏడవని వాళ్లు లేరు. మొగిలయ్య 2024 డిసెంబరులో పోయాడు. ఆ వార్త చదివాక మళ్లీ చూశాను, ఈసారి ఒక్కణ్నే, ఫోనులో. చిన్న తెర మీద కూడా అంతే.


గోలీసోడా | శనివారం, సాయంత్రం 7:15

ఆ పాట గురించి రెండో మాట లేదు. కానీ ఒకటి అడుగుతాను, కోపం వద్దు. ఆ తాత మనవడు సైలు, అప్పులు తీర్చుకోవడానికి కట్నం కోసం ఎదురుచూసే మనిషి. మొదటి సగమంతా ఆ స్వార్థాన్ని ఎంత బాగా చూపించారు! ఒక్క పాటతో అందరూ మారిపోవడం సులువైన దారి కాదా? ఏడిపించి ఒప్పించినట్టు ఉంది నాకు.


మానేరు ఒడ్డు | శనివారం, సాయంత్రం 7:48

కోపం ఎందుకు, మంచి ప్రశ్న. పాట మార్చలేదండీ. పాట ఏడవడానికి ఒక సాకు ఇచ్చింది. మగవాళ్లకు అందరి ముందూ ఏడవడానికి ఎవరో ఒకరు అనుమతి ఇవ్వాలి మా దగ్గర. పాడేవాళ్లను ఇంటికి పిలిపించేది అందుకే.

మా నాన్న, బాబాయి కలిశారా అని మీరు అడగబోతున్నారు. లేదు. తెర విప్పుతుంటే బాబాయి మా కుర్చీ ఒకటి పొరపాటున పట్టుకెళ్లబోయాడు. నాన్న చూసి "అది మనదే, తీసుకుపోనీ" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు, గాలితో అన్నట్టు అన్నాడు. ఆ కుర్చీ ఇప్పటికీ బాబాయి వాకిట్లోనే ఉంది.


మూడో ఆట | శనివారం, రాత్రి 9:33

కుర్చీ తర్వాత ఏం రాయాలో తోచడం లేదు గానీ, ఒక మలయాళం సినిమా. 'కిష్కింధ కాండం', 2024 ఓణానికి వచ్చింది. అప్పు పిళ్లై అని మాజీ సైనికుడు, మతిమరుపు మొదలైంది, ఎవరికీ ఒప్పుకోడు. ఎన్నికలొచ్చాయి, లైసెన్సు తుపాకీ పోలీసుస్టేషన్లో అప్పగించాలి. తుపాకీ కనిపించదు. ఇంటి చుట్టూ అడవి, కోతులు. ఇంట్లో ఒక పసివాడు తప్పిపోయిన గాయం.

కథ రాసింది, కెమెరా పట్టింది ఒకే మనిషి, బాహుల్ రమేశ్. అందుకే కాబోలు ఒక్క చూపూ వృథా పోలేదు. ముగింపు తెలిశాక రెండోసారి చూశాను. అది వేరే సినిమా. మొదటిసారి చిరాకు పుట్టించిన ఆ ముసలాయన రెండోసారి గుండె పిండేశాడు. విజయరాఘవన్ ముఖం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, మారింది నాకు తెలిసిన సంగతి.


వెనుక బెంచి | శనివారం, రాత్రి 9:50

నలభై నిమిషాలు చూసి ఆపేశాను. కోతులు తప్ప ఎవరూ కదలరు.


మూడో ఆట | శనివారం, రాత్రి 9:52

శనగలు తినేసినట్టు సినిమాను కూడా మధ్యలో మింగేస్తే ఎలా తమ్ముడూ!


ఎడారి వాన | ఆదివారం, తెల్లవారుజాము 2:10

దమ్మాం నుంచి. ఇక్కడ ఇంకా శనివారం రాత్రే. గదిలో నలుగురం, పై మంచం నాది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. 'అడాలసెన్స్' అనే ఇంగ్లీషు వెబ్ సిరీస్ చూడటం ఇప్పుడే అయిపోయింది.

నాలుగే భాగాలు. ఒక్కో భాగం మొదలు నుంచి చివరి దాకా ఒకే షాట్, ఎక్కడా కత్తిరింపు లేదు. తెల్లవారుతూనే పోలీసులు తలుపు బద్దలుకొట్టి, తోటి విద్యార్థినిని చంపాడని పదమూడేళ్ల పిల్లవాణ్ని పట్టుకుపోతారు. షాట్ తెగదు కాబట్టి మనకూ తల తిప్పుకునే వీలు లేదు, వాళ్లతోపాటే ఆ వ్యానులో కూర్చోవాలి. ఆ పిల్లవాడిగా వేసిన ఓవెన్ కూపర్‌కు ఇదే మొదటి వేషం, పదిహేనేళ్లకే ఎమ్మీ ఇచ్చారు. మూడో భాగంలో మానసిక నిపుణురాలి ఎదుట కూర్చుని ఒక్కసారిగా రంగు మారుస్తాడు, పిల్లవాడు మాయమై ఇంకెవరో అక్కడ కూర్చుంటారు. ఇది చూస్తుంటే కింద మంచం అతను గురక పెడుతున్నాడు, లేపి చూపిద్దామా అనిపించింది.

ఎందుకు చేశాడన్నదానికి ఒక్క ముక్కలో జవాబు ఇవ్వరు. చివర్లో తండ్రి కొడుకు గదిలోకి వెళ్లి, వాడి పక్క మీద ఉన్న ఎలుగుబంటి బొమ్మకు దుప్పటి కప్పుతాడు. అంతే. నాకు కడపలో పదమూడేళ్ల కొడుకు ఉన్నాడు. రెండేళ్లయింది చూసి. ఫోను చేస్తే "తిన్నాను, చదువుకున్నాను" అంటాడు. ఇప్పుడు ఫోను తీసి చూస్తే వాడు పది నిమిషాల కిందటి దాకా ఆన్‌లైన్లో ఉన్నాడు. మనకు అక్కడ రాత్రి రెండు. చేద్దామా వద్దా అని ఇక్కడ రాస్తున్నాను.

ముగింపు నిలబెట్టిన సినిమా అంటే నాది 'కేరాఫ్ కంచరపాలెం'. అందులో నాలుగు ప్రేమకథలు ఉంటాయి కదా, చివరికి
[ఇక్కడి రెండు వాక్యాలను నిర్వాహకులు దాచారు. చూడదలచినవారు నొక్కి చూడవచ్చు.]


ఎర్రమట్టి దిబ్బ | ఆదివారం, ఉదయం 6:55

అయ్యో! ఎంత పని చేశారండీ. విశాఖవాళ్లం ఏడేళ్లుగా ఆ రహస్యాన్ని కడుపులో పెట్టుకుని, ఊరికి వచ్చిన ప్రతి చుట్టానికీ "ముందు చూడు, తర్వాత మాట్లాడుకుందాం" అని చెప్పుకుంటున్నాం.


నిర్వాహకుడు | ఆదివారం, ఉదయం 7:30

ముగింపు చెప్పదలిస్తే ముందు వరుసలో "కథ బయటపడుతుంది" అని రాసి, ఆ భాగాన్ని దాచి పెట్టండి. ఎడారి వాన గారి మీద చర్య ఏమీ లేదు. ముందు ఇంటికి ఫోను చేసుకోమని మాత్రం మనవి.


నల్లకోటు | ఆదివారం, ఉదయం 8:12

నిందితుడి తరఫున: సినిమా 2018 సెప్టెంబరులో విడుదలైంది. ఏడేళ్లు దాటిన రహస్యానికి కాలపరిమితి ఉండదా? క్షమాభిక్ష ప్రసాదించాలని ప్రార్థన.


ఎర్రమట్టి దిబ్బ | ఆదివారం, ఉదయం 8:40

కాలపరిమితి లేదు. ప్రార్థన తిరస్కరించడమైనది.

సరే, ముగింపు జోలికి పోకుండా చెబుతాను. అందులో నటించినవాళ్లలో ఎక్కువమంది కంచరపాలెం జనమే, అంతకుముందు కెమెరా ముఖం ఎరగనివాళ్లు. దర్శకుడు వెంకటేశ్ మహాకు అదే మొదటి సినిమా. ఆఫీసులో అటెండరు రాజు, నలభై తొమ్మిదేళ్లకూ పెళ్లి కాలేదు. ఆ ఆఫీసుకు అధికారిగా వచ్చిన రాధ. వాళ్లిద్దరూ మాట్లాడుకునే చోట్ల మాటల కంటే ఖాళీలు ఎక్కువ. నేర్చుకున్న నటుడైతే ఆ ఖాళీని ఏదో ఒక భావంతో నింపేస్తాడు. రాజుగా వేసిన సుబ్బారావు నింపలేదు, అలా నిలబడ్డాడు, మా వీధి చివర బడ్డీకొట్టు దగ్గర నిలబడినట్టు.

లోపాలు లేవా? ఉన్నాయి. కొన్నిచోట్ల మాటలు అప్పజెప్పినట్టు వినిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు అది లోపం అనుకున్నాను. మా మేనత్త పెళ్లిచూపుల్లో మాట్లాడిన వీడియో ఈ మధ్య బయటపడింది, ఆవిడా అచ్చం అలాగే అప్పజెప్పింది. కాబట్టి ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను.


ఎడారి వాన | ఆదివారం, ఉదయం 11:25

అందరికీ క్షమాపణలు. వాడికి చేశాను, పొద్దున. రాత్రి రెండింటికి ఏం చేస్తున్నావని అడగలేదు. ఏం చూస్తున్నావని అడిగాను. ఏదో జపాను బొమ్మల సిరీస్ పేరు చెప్పాడు, నాకు నోరు తిరగలేదు. నలభై నిమిషాలు దాని కథ చెప్పాడు. ముగింపు మాత్రం చెప్పనన్నాడు, "నువ్వే చూడు నాన్నా" అన్నాడు. మొత్తం ఎన్ని భాగాలని అడిగితే రెండు వందల పైనే అట. ఇవాళ మొదలుపెడుతున్నాను.


వంటింటి కిటికీ | ఆదివారం, రాత్రి 8:55

దాచిన ఆ రెండు వాక్యాలు నేను నొక్కలేదు. సాయంత్రం అత్తగారితో కూర్చుని 'కేరాఫ్ కంచరపాలెం' పెట్టాను. సీరియల్ కానిది ఏదైనా పది నిమిషాల్లో కునుకు తీసే మనిషి కళ్లు ఆర్పకుండా చూశారు. రాజు సంగతి వచ్చినప్పుడల్లా "పాపం వాడికి సంబంధం కుదురుతుందా" అని మధ్యమధ్య అడుగుతూనే ఉన్నారు. సరిగ్గా ఇంకో ఇరవై నిమిషాలు ఉందనగా కరెంటు పోయింది. మా వీధి వీధంతా పోయింది. రౌటర్ లేదు, టీవీ లేదు, ఫోనులో పదకొండు శాతం ఉంది, దానితోనే ఇది రాస్తున్నాను. అత్తగారు చీకట్లో విసనకర్ర పట్టుకుని అలాగే టీవీ వైపు చూస్తూ కూర్చున్నారు. "ఎవరినైనా అడగవే, చివరికి ఏమైందో" అంటున్నారు.


ఎడారి వాన | ఆదివారం, రాత్రి 8:57

అక్కా, నన్ను మాత్రం అడగకండి.